లక్ష్యశిక్షయు యుధిష్ఠిరదృష్టియు: హెన్రీ రీడు "యుద్ధపాఠములు"

తుపాకి పట్టుట నేర్పు పాఠము కావ్యవస్తువు కాఁగలదా యని యడిగినచో మన యాలంకారికులు కాదనరు. ఉదారమైనను నీచమైనను, కవిభావనకు లోనైన వస్తువునకు రసస్థితి గలదని ధనంజయుఁడు దశరూపకమున నంగీకరించియే యున్నాఁడు. అయినను అంగీకారము వేఱు, నిదర్శనము వేఱు. అట్టి నిదర్శనముగాఁ జూపఁదగిన ఖండిక యొకటి 1942వ సంవత్సరమున ఆంగ్లభాషలోఁ బుట్టినది. హెన్రీ రీడు (1914–1986) రచించిన యా ఖండికకు "భాగముల పేర్లు" అని పేరు పెట్టవచ్చును. ఆంగ్లకవితాసంకలనములలో నది పలుమాఱు లెక్కినది, పాఠముగఁ జెప్పఁబడినది. చెప్పువారు సామాన్యముగాఁ జేయు వ్యాఖ్య యిది: తుపాకి మృత్యువునకుఁ జిహ్నము, తోఁట జీవమునకుఁ జిహ్నము, కవి మొదటిదానిని నిందించి రెండవదానిని మెచ్చినాఁడు. ఈ వ్యాఖ్య తప్పని యనఁజాలను గాని, చాలఁ గొఱఁత యందును. ఇట్లు చెప్పినచోఁ గావ్యము పలకమీఁద గీచిన రెండు గళ్ల పట్టిక యగును; ఒక గడిలోఁ దుపాకి, ఒక గడిలోఁ బువ్వు.

నా మతమున నీ కావ్యమునకు వస్తువు తుపాకియుఁ గాదు, తోఁటయుఁ గాదు, చూపు. గుఱి చూచుట నేర్చువాఁడు దేనిని జూడవలెను, దేనిని జూడరాదు అను ప్రశ్నమే దానికి జీవము. మనకు ద్రోణుఁడు బెట్టిన పరీక్షలో నీ ప్రశ్నము మిక్కిలి ప్రాచీనముగఁ గలదు. అందు నెగ్గినవాని పక్షముననే మన బోధకు లింతవఱకు మాటలాడిరి. ఓడినవాని పక్షమునఁ బలికిన కావ్యము రీడుది. దీనిని నిరూపించుటకే యీ వ్యాసము.

రీడు బర్మింగుహాము నగరమునఁ బుట్టి అచ్చటనే విశ్వవిద్యాలయమునఁ జదివినవాఁడు. 1941లో నిర్బంధసైనికసేవకుఁ బిలువఁబడి బ్రిటిషు సేనయొక్క యాయుధసామగ్రిశాఖలోఁ జేరెను. మఱుసటి యేఁడు బ్లెచ్లీ పార్కునందలి రహస్యలిపిశోధనాలయమునకు మార్పఁబడెను. అచ్చటి పని భాషాసంబంధమైనది. అనఁగా నతఁడు యుద్ధరంగమును గూర్చి కాక శిక్షారంగమును గూర్చి వ్రాసినవాఁడు. దీనిని లోపముగ నెన్నువారు కలరేమో. నాకది కావ్యమునకు మేలు చేసినదని తోఁచుచున్నది. యుద్ధము చూచినవాఁడు శిక్షను మఱచును. రక్తము కంటఁబడిన వెనుక కడియముల పేర్లెవ్వరికి గుర్తుండును?

1991లో రీడు సమగ్రకావ్యసంపుటమును బరిష్కరించిన జాన్ స్టాల్వర్దీ పీఠికలో నొక యుపయుక్తవిషయము చెప్పినాఁడు. రీడు తన మిత్రులను నవ్వించుటకై, క్రొత్తసిపాయిలకుఁ బాఠము చెప్పు సార్జంటును అనుకరించి చూపుచుండెనఁట. అట్లు కొన్నిమాఱులు చేయఁగా, శిక్షాగ్రంథములోని వాక్యములు తమంతట తామే లయబద్ధములై నడచుచున్నవని యతనికిఁ దోఁచెనఁట. హాస్యానుకరణమున రీడు సిద్ధహస్తుఁడు, టి. ఎస్. ఎలియటు శైలిని ఎగతాళిగ ననుకరించి యతఁడు వ్రాసిన ఖండిక వేఱొకటి ప్రసిద్ధము. అయితే సార్జంటు ననుకరించినప్పుడు మాత్రము ఎగతాళి చేయఁబోయి కవిత్వము పట్టుకొన్నాఁడు. ఇది మనము జ్ఞాపకముంచుకొనవలసిన మాట. ఉపదేష్టయొక్క వాక్కే ఛందస్సునకు మూలమైనప్పుడు, ఆ వాక్కును గవి ద్వేషించెనని చెప్పుట యెట్లు పొసఁగును?

ఖండిక 1942 ఆగస్టు 8వ తేదీని "న్యూ స్టేట్స్‌మన్ అండ్ నేషన్" పత్రికలో వెలువడినది. 1946లో "వెరోనా పటము" అను సంపుటమున, "దూరనిర్ణయము", "నిరాయుధయుద్ధము" అను మఱి రెండు ఖండికలతోఁ గూడి "యుద్ధపాఠములు" అను పేరఁ జేర్పఁబడినది. పిమ్మట నీ మాలకు మఱికొన్ని పాఠములు కూర్చినాఁడు గాని అవి మొదటివానికి సాటి రావు. మూఁడవదియు నంతంత మాత్రమే. అందుఁ గవి తాను నేర్చిన యుపాయమును దానే యనుకరించినట్లున్నది. మొదటి రెండింటినే యిచట విచారింతును.

"భాగముల పేర్లు" అను దానిలో నైదు పద్యములు. ఒక్కొక్కటి కాఱు పాదములు. మొదటి నాలుగింటను, పద్యము సగము దాఁటువఱకు సార్జంటు పలుకును. అటు పిమ్మట మాట నడుపాదమున విఱిగి, వరుసలో నిలిచిన సిపాయి మనస్సులోనిదగును. సార్జంటు మాట కరకు, క్రమము, ఆజ్ఞ. సిపాయి మాట మెల్లన, రంగు, పువ్వు. ప్రతిపద్యమునను గడపటి పొట్టిపాదము సార్జంటు మాటలలో నొకదానిని మరల నెత్తికొని దానికి వేఱర్థము కల్పించును. ఉపదేష్ట కడియమొకటి చూపి, ఇది మీ తుపాకులకు లేదనును. ఆ కడియము తుపాకులను గూర్చి గోపురమువలె నిలుపుటకై యేర్పడినది. సిపాయి మనస్సు ఆ మాటనే పట్టుకొని, తోఁటలోని కొమ్మలు చేయు నిశ్శబ్దాభినయము మాకు లేదనుకొనును. ఉపదేష్ట పేలకుండ నాపు మీటను బొటనవ్రేలితోఁ ద్రోయవలెను గాని వేఱు వ్రేలు వాడరాదనును. పువ్వులును వ్రేలు కదపకయే యున్నవని సిపాయి యనుకొనును.

ఇందలి సర్వనామముల మార్పును మన విద్యార్థులకుఁ దప్పక చూపవలెను. లేని కడియమును గూర్చి సార్జంటు "మీకు" అనును. సిపాయి "మాకు" అనును. బోల్టు నాడించుటకు "మేము" పెట్టిన పేరిదియని సార్జంటు చెప్పిన దానిని, సిపాయి "వారు" పెట్టిన పేరని మనసులోఁ జెప్పుకొనును. లోపము తనదిగా నంగీకరించినాఁడు. పేరును దనది కాదని త్రోసివేసినాఁడు. సేనలోఁ జేరియుఁ జేరని మనస్సును జూపుటకు రెండు సర్వనామములకంటె నెక్కువ ఖర్చు చేయలేదు.

ఇఁక శ్లేష. ఆనాఁటి బ్రిటిషు సిపాయి చేతిది లీ–ఎన్ఫీల్డు తుపాకి. దాని యరలోఁ బది తూటాలు పట్టును. తూటాలు తీసివేసిన పిదప బోల్టును వేగముగ ముందు వెనుకల కాడించి, ఏమియు మిగులలేదని నిశ్చయించుకొని, మూసి, మీట నొక్కి లోనిదగు స్ప్రింగు బిగువును సడలింపవలెను. దీనికి సేనలో నొక యాజ్ఞావాక్యము గలదు. దాని భావము "స్ప్రింగు సడలింపుము" అని. ఆంగ్లమున స్ప్రింగు అను శబ్దమునకు వసంతమనియు నర్థము. నాలుగవ పద్యమునఁ దొలికారు తేనెటీఁగలు పూవులమీఁదికి దాడి చేయుచు ముందు వెనుకల కాడుచుండఁగా, సిపాయి దానికి నదే పేరు పెట్టును. వ్రాతలోఁ బెద్దయక్షర మొకటి తప్ప భేదము లేదు. వినుటలో నదియు లేదు. ఇది పదము విఱువని యభంగశ్లేష. పింగళి సూరన రాఘవపాండవీయమున శ్లేషను గావ్యమంతట నడపి రెండు కథలను సాధించినాఁడు; రీడు దానిని నొక్కపదమున నిలిపి రెండు మనస్సులను సాధించినాఁడు. ఎవరు గొప్పవారని నే నిచట విచారింపను. శ్లేషయొక్క ప్రయోజనము రెంటను వేఱనుటకే చెప్పితిని.

అయిదవ పద్యమునఁ జిత్రము జరుగును. అందు సార్జంటు పాలు లేదు. బోల్టు, తూటాగది, తుపాకి తూఁగు చోటు, బాదముపువ్వు, తేనెటీఁగ అన్నియు సిపాయి మనస్సుననే కలసిపోయి వచ్చును. ఇంతవఱకు నడుమ నిలిచిన గోడ పడిపోయినది. ఇచట రెండు వ్యాఖ్యలు సాధ్యములు. తోఁట గెలిచి తుపాకిని మ్రింగినదని యొకటి. తుపాకి పాఠము మనస్సులోనికి దిగి, పువ్వును దలఁచినను దానిమాటలే వచ్చునట్లు చేసినదని రెండవది. నేను రెండవదానినే నమ్మెదను. శిక్ష ఫలించినది! సార్జంటు చెప్పినది యొక్కటియు నతఁడు మఱవలేదు గదా. మఱియు నొక విశేషము: నిన్న తుడుచుట నేర్చిరి, ఱేపు పేల్చిన పిదపఁ జేయవలసినది నేర్తురు, నేఁడు పేర్లు. పేల్చుట యేనాఁడు? కావ్యమందంతటను నొక్కగుండైనఁ బ్రేలదు. అధ్యాపకులు దీనిని గమనింపక "యుద్ధకావ్యము" అని చెప్పి ముగింతురు.

కావ్యమాలకుఁ దలకట్టుగా రీడు రోమనుకవి హొరేసుయొక్క గీతములలో మూఁడవ పుస్తకము నిరువదియాఱవదానినుండి రెండు పాదములు గ్రహించి, అందొక యక్షరము మార్చినాఁడు. హొరేసు కన్యలయెడఁ దాను జేసిన సేవను సైన్యసేవతోఁ బోల్చి, ఆయుధములు దించివైచితి ననుచున్నాఁడు. అచటి "పుఎల్లిస్" అను కన్యావాచకమును రీడు "దుఎల్లిస్" అని యుద్ధవాచకము చేసెను. లాటిను లిపిలోఁ బకారమును దలక్రిందు చేసినచో దకార మగును. మన చిత్రకవితలో దీనిని చ్యుతదత్తాక్షర మందురు. ఒక యక్షరము జాఱి వేఱొకటి చేరఁగా శృంగారము వీరమైనది. కాని యక్షరము మార్చినను, తెలిసినవాని చెవిలోఁ బూర్వపుమాట మ్రోఁగుచునే యుండును. అందువలన నీ మాలకు హాస్యము పైపూఁతయే, అంగిరసము విప్రలంభశృంగారము. రెండవఖండిక దీనికి సాక్ష్యము.

"దూరనిర్ణయము" లక్ష్యశిక్షలో ముఖ్యమైన యధ్యాయము. గుండు పోవు కొలఁదిఁ గ్రిందికి వంగును గాన, దూరము తెలియక గుఱి నిలువదు. అందుకై భూదృశ్యమును భాగములుగ విభజించి, గడియారపు ముల్లు రీతిని దిక్కు చెప్పి, దూరమును గజములలో నంచనా వేసి విన్నవించుట నేర్పుదురు. రీడు పాఠములో నుపదేష్ట మతమున, సైన్యమునకుఁ జెట్లు మూఁడే జాతులు: దేవదారు, పోప్లరు, తల గుబురుగ నుండునవి. వస్తువును వస్తువనరాదు, వస్తువువలెఁ గనఁబడునది యనవలెను. మందలో నున్నవి గొఱ్ఱెలని తెలిసినను, జంతువులుగఁ దోఁచునవి యని మాత్రమే చెప్పవలెను. తరువాత, వరుస చివర నిద్రపోవుచున్న సిపాయి నొకనిని లేపి, పడమట నేమి చూచుచున్నావని యడుగును.

ద్రోణుఁడును నట్లే యడిగెను. ఆదిపర్వకథ యెల్లర కెఱుకయే: శిల్పులచేఁ జేయించిన కృత్రిమమైన భాసపక్షిని వృక్షాగ్రమున నిలిపి, ముందుగ యుధిష్ఠిరునిఁ బిలిచి, నీకేమి కనఁబడుచున్నదని యాచార్యుఁ డడుగును. పక్షియు, వృక్షమును, మీరును, తమ్ములును గనఁబడుచున్నారని యతఁడు చెప్పఁగాఁ ద్రోసివేయును. అర్జునుఁడు పక్షినే చూచును, అందును శిరస్సునే. (లోకమునఁ బక్షికన్ను అని వాడుక, వ్యాసుని మూలమున శిరస్సు.) పాఠశాలలలో దీనిని నేకాగ్రతకు నిదర్శనముగఁ జెప్పుదుము. మంచిదే. కాని రీడు సిపాయి చెప్పిన యుత్తరము వినుఁడు: వేసవి పొలములపై నెండనీడలు కప్పిన రంగులు, ఎండమావివంటి తెల్లని యిండ్లు, ఎల్ము చెట్ల క్రింద నొండొరుల కౌఁగిలిలో స్త్రీపురుషులు. ఇది యుధిష్ఠిరుని యుత్తరము. వెంటనే నాలుక కఱచుకొని, సేనాభాషలోనికిఁ దర్జుమా చేయును. తర్జుమాలో నెల్ము చెట్లు పోప్లరు లగును, సేనలో నెల్ము లేదు గనుక! ప్రియులు మనుష్యులుగఁ దోఁచునవి యగుదురు. ఈ యొక్కస్థలమునకే రీడును మహాకవులలోఁ జేర్చుటకు నేను జంకను.

ఆపై నుపదేష్ట దూర మడుగును. నడుమఁ గంటికిని గుండునకును నందని పల్లము లుండవచ్చునని హెచ్చరించును. సిపాయి చెప్పిన కొలత గజములలో లేదు. ఏఁడాదిన్నర యని చెప్పును. సైన్యపటములు స్థలమునకుఁ గాక కాలమునకు సంబంధించినవని సార్జంటు ముందే తెలియక పలికియున్నాఁడు. శిష్యుఁడు గురువాక్యమును శిరసావహించి యుత్తర మిచ్చినాఁడు. ప్రియాజనమునకుఁ దనకును నడుమ నున్న విరహమే యా దూరము. మేఘసందేశమున యక్షుని విరహము సంవత్సరము. ఇచ్చట మఱి యాఱు నెలలు కలిసినవి.

మన బోధకులకు మఱియొక విషయము చెప్పవలసి యున్నది. లక్ష్యము నొక్కదానినే చూడుమను ద్రోణుని మాటను దుపాకికిఁ బట్టించుట శాస్త్రవిరుద్ధము. ఇనుప గుఱిమట్టముగల తుపాకిలో వెనుకటి గంటును, ముందటి పుల్లయు, దూరపు లక్ష్యమును మూఁడింటిని గన్ను ఒకమాఱు స్పష్టముగఁ జూడఁజాలదు. కాఁబట్టి ముందటి పుల్లను జక్కఁగఁ జూచి, లక్ష్యమును మసకగ విడువుమని శిక్షకులు బోధింతురు. ఊపిరి యాపి, మీటను లాగక మెల్లఁగ నొత్తవలెను. ప్రేలుట తనకే యాశ్చర్యముగ నుండవలెను. అద్దపు గుఱిసాధనములు వచ్చిన పిదప నీ విధి కొంత సడలినది గాని, రీడునాఁటి సిపాయికి లక్ష్యము మసకబాఱుటయే విద్య. సార్జంటు శిష్యునకు గొఱ్ఱె యనరాదన్న దిందులకుఁ బోలికగ నున్నది. ఎదుటిది యేమో తెలియకుండుట శిక్షలో నొక భాగము.

రీడు ఖండిక ప్రచురితమైన 1942లోనే, ఐదు మాసములకు ముందు, మార్చి 14వ తేదీని, శాన్‌డియేగోనందలి అమెరికా మెరీను సేనాపత్రిక "షెవ్రాన్"లో వేఱొక రచన వెలువడినది. దాని కర్త సేనాని విలియం రూపర్టసు. తానును బేరువడసిన లక్ష్యవేది. అది తుపాకి సిపాయి చేయవలసిన విశ్వాసప్రకటన. శిక్షాశిబిరములలోఁ గ్రొత్తవారు దానిని గంఠస్థము చేసిరి. 1987లో స్టాన్లీ కూబ్రికు తీసిన "ఫుల్ మెటల్ జాకెట్" చలనచిత్రముచేత లోకమున మఱింత ప్రసిద్ధమైనది. అందును భాగములపట్టిక గలదు. తుపాకి తనవలెఁ బ్రాణియనియు, దాని బలమును బలహీనతను, భాగములను బరికరములను, గొట్టమును గుఱిమట్టమును సోదరునివలె నెఱుఁగుదు ననియు సిపాయి ప్రతిజ్ఞ చేయును. ఇది యంగన్యాసము. పేరు పెట్టి తాఁకి, తాఁకినదానిలోఁ బ్రాణము నిలుపుట. రీడు సిపాయికిఁ బేర్లు పరాయివి. రూపర్టసు సిపాయికిఁ బేర్లు చుట్టములు. తెలుఁగున గుఱియను నొక్కమాటకు లక్ష్యమనియు, నమ్మకమనియు రెండర్థములు గలవు. గురువుకంటె గుఱి ముఖ్యమని సామెత. రూపర్టసు రచనకుఁ దెలుఁగుపేరు పెట్టవలసినచో "గుఱి" యనునదే చాలును.

రూపర్టసు రచనను గవిత్వము కాదని త్రోసివేయుట న్యాయము గాదు. వాక్యములు పొట్టివి, పునరుక్తి బలమైనది, చదువఁ జదువ మంత్రమువలెఁ బట్టును. పేల్చిన గుండ్లును, ధ్వనియుఁ, బొగయు లెక్కలోనివి గావు, తగిలినవే లెక్క యనుటలో యుద్ధ మెఱిఁగినవాని నిష్కాపట్యము గలదు. 1944లో నతఁడు పెలెల్యూ దీవియుద్ధమునఁ దన సేనను నడపినవాఁడు. కాని యొకటి: తుపాకిని సోదరుఁ డనినవాఁడు ఎదుటివానిని సోదరుఁ డనలేఁడు. ఒక చుట్టఱికము వేఱొకదానిని మూసివేయును. భారతమున నీ మాట కథయై నడచినది. శిరస్సునే చూచిన యర్జునుఁడు కర్ణుని శిరస్సును ఖండించెను. చెట్టును, గురువును, దమ్ములనుఁ గూడఁ జూచి పరీక్షలో నోడిన యుధిష్ఠిరుఁడే, చచ్చినవాఁ డన్నయని తెలిసిన వెనుక, తిక్కనసోమయాజి తెనిఁగించిన శాంతిపర్వారంభమున రాజ్యము వలదని కుమిలినాఁడు. ద్రోణుఁడు పరీక్షలో నతనిఁ దప్పించినందులకు నేను దప్పు పట్టను. విలుకాఁడు కావలసినచో నదియే న్యాయము. ఓడిన శిష్యుఁడు చూచిన చూపునకు విలువ లేదనుట మాత్రము భారతకవి యభిప్రాయము గాదు.

సేనలకును నీ సంగతి యొకవిధముగఁ దెలిసినది. తెలిసిన దూరమున వలయపుఁబలకను నిలిపి కాల్పించు పద్ధతికి మాఱుగా, ఎక్కడనో తటాలున లేచి పడిపోవు మనుష్యాకృతులను గనిపెట్టి కాల్చు పద్ధతిని 1950ల దశకమున అమెరికా పదాతిసేన యవలంబించెను. కొట్టుటకంటెఁ గనుఁగొనుటయే కష్టమని దీని యాశయము. మెరీనులు 200, 300, 500 గజముల పాతపద్ధతిని జాలకాలము విడువలేదు. యుద్ధమున నూటి కిరువదియైదుగురికి మించి తుపాకి పేల్చలేదని ఎస్. ఎల్. ఏ. మార్షలు 1947లో వ్రాసిన మాట నిచటఁ జేర్చుట సులభము. కాని యా లెక్కకుఁ దగిన యాధారము లేదని రోజర్ స్పిల్లరు 1988లోఁ జూపినందున, దానిపైఁ గావ్యవ్యాఖ్యను నిలుపరాదు.

రీడు కావ్యమునఁ దప్పులు లేవా? కలవు. సార్జంటును గొంత సులభముగ మూర్ఖునిఁ జేసినాఁడు. రెండవఖండికలో వ్యాకరణము తప్పించి పలికించిన చోట్ల వర్గాహంకారము కొంత వాసన కొట్టును. చదువుకొన్న సిపాయి చదువురాని యధికారిని జూచి నవ్వుట గొప్ప విషయము గాదు. తోఁటలోని పువ్వులకును, యుద్ధకాలమునఁ దోఁటలు గలవా రెవ్వరను ప్రశ్నమునకును సంబంధమును గవి తడవలేదు.

తెనిఁగింపఁ బూనినవారికి మొదటి చిక్కు స్ప్రింగు. మన వాడుకలో నామాటకు వసంతార్థము లేదు. వసంత మన్నచో నినుపచుట్ట లేదు. రెండవచిక్కు భాగముల పేర్లే. మన దేశసేనలో నాజ్ఞలు హిందీలో నుండును. తెలుఁగువాఁడు తన తుపాకి పేర్లను బరభాషలోనే నేర్చుకొనును. ఇది యనువాదకునకు నష్టమనుకొనవలదు, ఆ పరాయితనమే రీడు చెప్పినది గాన. శ్లేషకు మాఱుగా మన భాషలో వేఱొక చోటు వెదకవచ్చును. కంటిలోఁ బువ్వు వేసెనని మనవా రందురు. కనుపాపపైఁ దెల్లని మచ్చ పడి చూపు చెడుట దాని యర్థము. వరుసలో నిలిచి తోఁట చూచుచున్న సిపాయి కంటిలోను బువ్వే యున్నది. సార్జంటు దానిని రోగమనును, సిపాయి జపోనికా పువ్వనును. అనువాదకుఁడు నాలుగవ పద్యమునఁ గాకున్నను మొదటిదాని చివరనైన నీ మాటను బ్రయోగించి చూడవచ్చును.